ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు?



ఈ నెల నా వ్యాసం ఒక ఆట గురించి. మన స్కూల్ గ్రౌండ్‌లో ఆడేది కాదు, అమెరికావాళ్ల బేస్‌బాల్. మన పిల్లల్లో చాలామంది దాన్ని సినిమాల్లోనో, అక్కడ స్థిరపడ్డ బంధువులు పంపే వీడియోల్లోనో తప్ప చూసి ఉండరు. ఆ ఆట ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో తేల్చడానికి కొందరు క్రీడా రచయితలు, లైబ్రేరియన్లు, పాత పుస్తకాలు పోగుచేసేవాళ్లు వందేళ్లకు పైగా వెతుకుతున్నారు. వాళ్లు ఏం కనుక్కున్నారన్నది ఆసక్తిగా ఉంటుంది. ఎలా కనుక్కున్నారన్నది మన పిల్లల చదువుకు బాగా పనికొస్తుంది.

నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. మీ బాబుకో పాపకో ఏదో ఒక విషయం మీద పిచ్చి పట్టి, దాని మూలం దాకా వెళ్లాలనిపిస్తే దయచేసి "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" అని ఆపకండి. విన్నదాన్ని సరిచూసుకునే అలవాటు అలాంటి వెతుకులాటలోనే వస్తుంది. ఆ అలవాటు లేకపోతే ఎంత పెద్దవాళ్లయినా, ఎంత పెద్ద దేశమైనా ఎలా బోల్తా పడతారో బేస్‌బాల్ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది.

ఒక కమిటీ, ఒక ఉత్తరం

ముందు ఆట గురించి రెండు మాటలు. మన బౌలర్‌లాంటి పిచర్ బంతి విసురుతాడు. బ్యాటర్ దాన్ని కొట్టి, నేలమీద గుర్తుపెట్టిన నాలుగు బేస్‌లనూ చుట్టి వస్తే ఒక రన్. చూడ్డానికి మన పల్లెల్లో ఆడుకునే ఆటల్లాగే సులువుగా ఉంటుంది. కానీ అమెరికావాళ్లకు అది ఆట మాత్రమే కాదు, జాతీయ గౌరవం.

ఆ ఆట గురించి పత్రికల్లో రాసి పేరు తెచ్చుకున్న తొలితరం రచయిత హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్న వయసులోనే కుటుంబంతో న్యూయార్క్ పక్కనున్న బ్రూక్లిన్‌కు వచ్చారు. మొదట క్రికెట్ వార్తలు రాసేవారు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పడ్డారు. మ్యాచ్ మొత్తాన్ని చిన్న పట్టికలో కుదించి చూపే 'బాక్స్ స్కోర్'ను తీర్చిదిద్దినవారిగా ఆయనకు గుర్తింపు ఉంది. ఇంగ్లండ్ పిల్లలు ఆడే 'రౌండర్స్' అనే ఆట నుంచే బేస్‌బాల్ పుట్టిందని ఆయన ఎన్నో ఏళ్లు రాస్తూ వచ్చారు. 1903లో మరోసారి వివరంగా రాశారు.

ఆ మాట ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కు నచ్చలేదు. ఈయన ఒకప్పటి గొప్ప పిచర్, తర్వాత ఆటవస్తువుల వ్యాపారి. ఈ రోజుకీ బాస్కెట్‌బాల్‌ల మీద మనం చూసే స్పాల్డింగ్ పేరు ఆయనదే. విచిత్రమేమంటే, చాడ్విక్ సంపాదకత్వం వహించిన వార్షిక గైడ్‌ను ప్రచురించేది కూడా ఆయనే. ఇద్దరూ స్నేహితులు. అయినా అమెరికా ఆట అమెరికాలోనే పుట్టి ఉండాలని స్పాల్డింగ్ పట్టుదల. అందుకోసం 1905లో ఒక కమిటీ వేయించారు. దాని అధ్యక్షుడు ఏబ్రహాం మిల్స్. అందుకే దాన్ని మిల్స్ కమిషన్ అంటారు.

విషయం తెలిసినవాళ్లు ఉత్తరాలు రాయమని పత్రికల్లో అడిగారు. ఏబ్నర్ గ్రేవ్స్ అనే మైనింగ్ ఇంజనీర్ జవాబు రాశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఏబ్నర్ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టాడని, తాను అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నానని ఆ ఉత్తరం సారాంశం. డబుల్‌డే మామూలు మనిషి కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సేనాని. ఒక యుద్ధవీరుడు జాతీయ క్రీడను కనిపెట్టాడంటే అంతకన్నా ఏం కావాలి? 1907 డిసెంబర్ 30న మిల్స్ తన తీర్పు రాసేశారు. బేస్‌బాల్ 1839లో కూపర్స్‌టౌన్‌లో డబుల్‌డే చేతుల మీదుగా పుట్టిందని తేల్చారు.

అది పాఠాల్లోకి, పత్రికల్లోకి, పెద్దల నోళ్లలోకి వెళ్లింది. 1939లో వందేళ్ల పండగ చేశారు, తపాలా బిళ్ల విడుదల చేశారు. ఆ ఊళ్లోనే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంను ప్రారంభించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మూడు ప్రశ్నలు అడిగి ఉంటే

ఆ ఉత్తరాన్ని మన ఎయిత్ క్లాస్ పిల్లల ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగమందాం. ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? అప్పటి కాగితం ఏదైనా ఉందా?

ఎవరు చెప్పారు? డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన. ఎలా తెలుసు? చిన్నప్పటి జ్ఞాపకం. 1839 నాటికి గ్రేవ్స్ వయసు అయిదేళ్లు! దాదాపు అరవై ఆరేళ్ల తర్వాత రాసిన ఉత్తరం అది. పైగా సంవత్సరం ఆయనకే కచ్చితంగా గుర్తులేదు. అప్పటి కాగితం? ఒక్కటీ లేదు.

ఇంకొంచెం ముందుకెళ్దాం. 1839లో డబుల్‌డే ఎక్కడున్నారు? వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో. 1838లో చేరి 1842లో పట్టా పుచ్చుకున్నారు. ఆయన 1893లో చనిపోయారు. తాను బేస్‌బాల్ కనిపెట్టానని బతికుండగా ఎక్కడా చెప్పుకోలేదు, రాసుకోలేదు. అన్నిటికన్నా ఆశ్చర్యం, తీర్పు రాసిన మిల్స్‌కు డబుల్‌డే స్వయంగా తెలుసు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు లేకుండానే ముప్ఫై ఏళ్లకు పైగా పొగ కమ్ముకుంది. కారణం ఎవరో దుర్మార్గులు కుట్ర పన్నడం కాదు. ఆ కథ వినడానికి బాగుంది. తమ దేశానికి గౌరవం తెచ్చేలా ఉంది. అందుకే ఎవరూ ప్రశ్న వేయలేదు. మనకు నచ్చిన మాటనే మనం ఎక్కువగా పరీక్షించాలి అన్నది పిల్లలకు చెప్పడం తేలిక, పెద్దలు పాటించడం కష్టం. మన ఫ్యామిలీ గ్రూపుల్లో రోజూ వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌లే సాక్ష్యం.

తీగ లాగినవాళ్లు

ఈ కథను పడగొట్టింది గట్టిగా అరిచి వాదించినవాళ్లు కాదు. కూర్చుని ఓపికగా చదివినవాళ్లు.

మొదట చెప్పాల్సింది రాబర్ట్ హెండర్సన్ గురించి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉద్యోగి. దేశమంతా పండగ చేసుకుంటున్న ఆ 1939లోనే, ఆ లైబ్రరీ బులెటిన్‌లో ఆయన ఒక వ్యాసం రాశారు. డబుల్‌డేకన్నా ముందే అచ్చయిన పిల్లల ఆటల పుస్తకాలను పక్కపక్కన పెట్టి, 1839 కథ నిలవదని చూపించారు. తర్వాత 1947లో పుస్తకంగానూ తెచ్చారు.

ఆ తర్వాతి తరంలో పెద్ద పేరు జాన్ థోర్న్. ఆయన జీవితం కూడా పిల్లలకు చెప్పదగ్గదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, ఇల్లూ దేశమూ కోల్పోయినవారి శిబిరంలో పుట్టారు. తల్లిదండ్రులు పోలండ్‌కు చెందిన యూదులు. పసితనంలోనే కుటుంబం న్యూయార్క్ చేరింది. కొత్త దేశంలో ఆ పిల్లవాడు బేస్‌బాల్ కార్డులు పోగుచేసుకుంటూ ఆ ఆటను తనదిగా చేసుకున్నాడు. పెద్దయ్యాక అదే వృత్తి అయింది. ఎన్నో పుస్తకాలు రాశారు, సంపాదకత్వం వహించారు. 2011లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌కు అధికారిక చరిత్రకారుడయ్యారు. అదే ఏడాది, ఆట పుట్టుక మీద దశాబ్దాలుగా చేసిన పరిశోధనను పుస్తకంగా ప్రచురించారు.

ఆయన వెతుకులాటలో దొరికిన ఒక ముక్క నాకెంతో ఇష్టం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్ అనే ఊరి చరిత్రను 1869లో ఎవరో రాశారు. అది చదువుతుంటే థోర్న్ కంట ఒక వాక్యం పడింది. 1791లో ఆ ఊరివాళ్లు ఒక నిబంధన చేశారు. కొత్తగా కట్టిన సభామందిరం కిటికీ అద్దాలు పగలకుండా, దానికి 80 గజాల లోపు ఎవరూ బంతి ఆటలు ఆడకూడదని. ఆ ఆటల జాబితాలో క్రికెట్ ఉంది. బేస్‌బాల్ కూడా ఉంది!

థోర్న్ అక్కడితో ఆగలేదు. పుస్తకంలో ఉన్నది ఎవరో చెప్పిన మాట. అసలు కాగితం కావాలి. పిట్స్‌ఫీల్డ్‌లో వెతికించారు. స్థానిక గ్రంథాలయంలో ఆ అసలు పత్రం దొరికింది. 2004లో లోకానికి వెల్లడించారు. డబుల్‌డే కనిపెట్టాడన్న ఏడాదికి 48 ఏళ్ల ముందే పిల్లలు ఈ ఆట ఆడుతూ పెద్దలను విసిగించారన్నమాట. తీగ లాగితే డొంక కదలడమంటే ఇదే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అరుస్తున్నా కార్ల మధ్య క్రికెట్ ఆడే మన పిల్లలు ఈ కథ వింటే ఎంత సంబరపడతారో చెప్పనక్కర్లేదు.

చాడ్విక్ కూడా పూర్తిగా సరి కాదు

ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. స్పాల్డింగ్ తప్పయితే చాడ్విక్ ఒప్పే కదా అనుకుంటాం. చాలామంది అలాగే అనుకున్నారు. డేవిడ్ బ్లాక్ అనే ఆయన ఆ మాటను కూడా పరీక్షకు పెట్టారు. ఆయన ప్రొఫెసర్ కాదు. కంప్యూటర్ రంగంలో పనిచేసి, పాత బేస్‌బాల్ పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టిన మనిషి.

1744లో లండన్‌లో జాన్ న్యూబెరీ అనే ప్రచురణకర్త పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం తెచ్చారు. ఇంగ్లిష్ బాలసాహిత్యంలో ఏటా ఇచ్చే న్యూబెరీ మెడల్ ఆయన పేరు మీదిదే. ఆ పుస్తకంలో ఒక పేజీకి పేరే 'బేస్‌బాల్'. 1755లో విలియం బ్రే అనే ఇంగ్లండ్ యువకుడు, ఈస్టర్ మర్నాడు స్నేహితులతో, అమ్మాయిలతో కలిసి బేస్‌బాల్ ఆడానని డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ ఇంగ్లండ్‌లో ఒక ఇంటి షెడ్డులో బయటపడింది. 1796లో గుట్స్‌మూట్స్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పిల్లల ఆటల మీద రాసిన పుస్తకంలో 'ఇంగ్లిష్ బేస్‌బాల్' నియమాలే రాశాడు. ఇంగ్లిష్ నవలలు ఇష్టపడే తల్లిదండ్రులకు ఇంకొకటి: జేన్ ఆస్టిన్ 'నార్తాంగర్ ఆబీ' నవల మొదటి అధ్యాయంలో కథానాయిక చిన్నప్పుడు ఆడిన ఆటల్లో బేస్‌బాల్ ఉంది.

మరి రౌండర్స్? ఆ పేరుతో ఆట నియమాలు అచ్చులో కనిపించేది 1828లో. అంటే బేస్‌బాల్ అన్న పేరే ముందుది. అందుకే బేస్‌బాల్ రౌండర్స్ నుంచి పుట్టిందన్నది నిలవదని బ్లాక్ 2005లో వచ్చిన తన పుస్తకంలో వాదించారు. ఇంగ్లండ్‌తో చుట్టరికం ఉందన్నంతవరకు చాడ్విక్ సరి. వంశవృక్షం గీసిన తీరు సరికాదు. చివరికి బేస్‌బాల్‌కు ఒకే తండ్రి, ఒకే పుట్టినరోజు లేవని తేలింది. పిల్లలు ఆడుతూ, మారుస్తూ, ఊరు నుంచి ఊరికి మోసుకెళ్లిన ఆట అది.

అలా మార్చినవారిలో ఒకరిని మరుగు నుంచి బయటికి తెచ్చింది కూడా థోర్న్ లాంటివాళ్ల శ్రమే. డాక్టర్ డేనియల్ ఆడమ్స్ న్యూయార్క్‌లో వైద్యుడు. 1845లో ఏర్పడిన నికర్‌బాకర్ క్లబ్ సభ్యుడు. రెండో బేస్‌కు, మూడో బేస్‌కు మధ్య నిలబడే 'షార్ట్‌స్టాప్' స్థానాన్ని తెచ్చినవారు ఆయనేనంటారు. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ అన్న నియమాలు 1857 నాటి క్లబ్బుల సమావేశంలో ఖాయమైనప్పుడు అధ్యక్షత ఆయనదే. ఆ సమావేశం కోసం ఆయన రాసిన నియమాల కాగితాలు 2016లో వేలంలో 32 లక్షల డాలర్లకు పైగా పలికాయి. అయినా కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 2015లో జరిగిన ఓటింగులో రెండు ఓట్ల తేడాతో ఆయనకు చోటు దక్కలేదు. ఒకసారి స్థిరపడ్డ కథను సరిదిద్దడం ఎంత కష్టమో చూడండి.

మరి ర్యాంకుల సంగతి?

ఇది చదివి కొందరు పేరెంట్స్ అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "మేడమ్, ఇవన్నీ బాగున్నాయి. మేము ఫీజు కడుతున్నది ఆటల చరిత్ర కోసం కాదు. రేపు ఐఐటీ, నీట్ ఉన్నాయి. టైమ్ ఎక్కడుంది?"

న్యాయమైన ప్రశ్న. పేరెంట్స్ ఎంత కష్టపడి ఫీజు కడుతున్నారో మాకు తెలుసు. ఇలాంటి వెతుకులాట వల్ల ర్యాంకు వస్తుందని నేను చెప్పను. వస్తుందనడానికి నా దగ్గర రుజువు లేదు. రుజువు లేకుండా మాట చెప్పకూడదన్నదే కదా ఈ వ్యాసం సారం. కానీ ఒకటి మాత్రం రోజూ క్లాసులో చూస్తున్నాను. ఇంగ్లిష్ పేపర్‌లో చదవని పాసేజ్ ఇచ్చినప్పుడు, బట్టీకి అలవాటుపడ్డ పిల్లలు జవాబు కోసం మాట వెతుకుతారు. ఇష్టంగా ఏదో ఒకటి వెతికి చదివే పిల్లలు ఆ పాసేజ్ రాసినవారు ఏమంటున్నారో వెతుకుతారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇంకో సంగతి. ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్న ఫోన్ ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబిస్తుంది. మిల్స్ కమిషన్ తీర్పులాగే చక్కగా, నమ్మకంగా, అందంగా ఇస్తుంది. అది నిజమో కాదో అడగాల్సింది మన పిల్లలే. రేపు వాళ్లు డాక్టరైనా, ఇంజనీరైనా, ఉద్యోగంలో మొదటిరోజు నుంచే ఎవరో ఒకరు ఒక కాగితం చూపించి సంతకం పెట్టమంటారు. ఆ కాగితం ఎక్కడ నుంచి వచ్చిందని అడగడం ఆ రోజు కొత్తగా నేర్చుకోలేరు.

ఇంట్లో చేయగలిగింది

ప్రాజెక్ట్ వర్క్ విషయంలో నాదొక విన్నపం. సబ్మిషన్‌కు ముందురోజు రాత్రి ఇంటర్నెట్ సెంటర్‌లో రంగుల ప్రింట్లు తీయించి, చార్టు మీద అంటించి, పేరు మాత్రం పిల్లలతో రాయించే పద్ధతి మానేద్దాం. పిల్లల అక్షరాలతో, కొట్టివేతలతో ఉన్న రెండు పేజీలు చాలు. టీచర్లు టాపిక్ ఇచ్చే తీరు కూడా మారాలని నా అభిప్రాయం. "బేస్‌బాల్ చరిత్ర" అని ఇస్తే ఎవరైనా కాపీ చేసి తెస్తారు. "బేస్‌బాల్‌ను డబుల్‌డే కనిపెట్టాడని ఎవరు, ఎందుకు చెప్పారు?" అని ఇస్తే పిల్లలు ఆలోచించాలి.

మొదలుపెట్టడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు, తాతయ్యనో అమ్మమ్మనో బిళ్ళంగోడు ఆట గురించి అడగనివ్వండి. తెలంగాణ వైపు దాన్నే చిర్రగోనె అంటారు. బిళ్ళ ఎంత పొడవుండేది? పాయింట్లు ఎలా లెక్కపెట్టేవారు? పక్క ఊరివాళ్ల నియమాలు ఇవేనా, వేరేనా? చెప్పినవారి పేరు, ఊరు, వాళ్లు ఆడిన రోజుల్లో వాళ్ల వయసు రాసుకోమనండి. తర్వాత ఇంకొక పెద్దాయన్ని అడిగి సరిచూడమనండి. ఇద్దరి మాటలు కలవకపోతే ఇంకా మంచిది. అక్కడే అసలు పరిశోధన మొదలవుతుంది. అలాంటి నోట్‌బుక్ ఏ పిల్లలు తెచ్చినా మా స్టాఫ్ రూమ్‌లో అందరం కూర్చుని చదువుతాం.

ఒక్క జాగ్రత్త. పిల్లలు ఈ అలవాటు నేర్చుకున్నాక ముందు మనల్నే అడుగుతారు. "నాన్నా, ఆ మెసేజ్ ఎవరు పంపారు? వాళ్లకెలా తెలుసు?" అంటారు. "మేడమ్, మీరు చెప్పింది ఏ పుస్తకంలో ఉంది?" అని నన్నూ అడుగుతారు. విసుక్కోకుండా జవాబు చెబుదాం. తెలియకపోతే "చూద్దాం పద" అందాం.